డ్రైవింగ్ స్కూలాయన సామాను

"నీ సోఫా నా నేల మీద కూర్చుని ఏడు నెలలైంది. అద్దె ఎవరిస్తారు, సోఫా ఇస్తుందా?"

"సోఫా ఉన్నది కూర్చోడానికే కదయ్యా. నువ్వు కూర్చోకుండా దాని ఎదురుగా నిలబడి చూస్తుంటే నేనేం చెయ్యను?"

"పరాయి వాళ్ళ సోఫాలో నేనెందుకు కూర్చుంటాను?"

"అయితే నిలబడు. కాళ్ళు నీవే కదా. వాటికి కూడా నన్నే అద్దె అడుగుతావా?"

రెండో అంతస్తు మెట్ల మీదికి రెండు గొంతులూ స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఒకటి ఇంట్లోది, రెండోది ఫోన్లోది. ఎదురు వాటాలో టైలరమ్మ మిషను మీద నుంచి తల కూడా ఎత్తలేదు. గొడవ మొదలైన కొత్తలో రెండు వారాలు ఇదేదో అన్నదమ్ముల ఆస్తి తగాదా అనుకుని, మిషను ఆపి, చెవులు రిక్కించి విన్నది. మూడో వారానికల్లా ఆ గొడవ సోఫా దగ్గర మొదలై సోఫా దగ్గరే ఆగుతుందని తెలిసిపోయి ఆసక్తి చచ్చిపోయింది. ఇప్పుడు ఆమెకు అదొక గడియారం. గొడవ మొదలైతే ఆదివారం పది కొట్టినట్టు. ఆగితే పదిన్నర దాటినట్టు.

ఇంట్లో గొంతు మీటరాయనది. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసిన మనిషి. ఫోన్లో గొంతు ఆయనకు ఈ ఇల్లు అమ్మిన డ్రైవింగ్ స్కూలాయనది. ఇల్లు అమ్మాడు, తాళాలు ఇచ్చాడు, సామాను మాత్రం తీసుకెళ్ళలేదు. హాల్లో ముగ్గురు పట్టే సోఫా, దానికి అటూ ఇటూ రెండు ఒంటి సోఫాలు, ఆరు కుర్చీల భోజనాల బల్ల, అద్దాల షోకేసు. పడకగదిలో డబుల్ కాటు, నిలువుటద్దం ఉన్న డ్రెస్సింగ్ టేబులు, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియని ఇనప బీరువా. ఇవన్నీ ఏ గదిలో ఉన్నవి ఆ గదిలోనే, ఇంటివాళ్ళు ఇప్పుడే బజారుకు వెళ్ళినట్టు ఉండిపోయాయి.

వాటి మధ్య మీటరాయన సొంత సామాను చూస్తే నవ్వొస్తుంది. ఒక మడత మంచం, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక సూట్‌కేసు, పొయ్యి, నాలుగు గిన్నెలు. మడత మంచాన్ని ఆయన సోఫాకీ భోజనాల బల్లకీ మధ్య ఉన్న సందులో వేసుకుంటాడు. పడకగదిలో ఇద్దరు పట్టే మంచం ఖాళీగా ఉంటుంది. తిండి వంటగదిలో గట్టు దగ్గర నిలబడి తింటాడు. ఆరు కుర్చీలు ఆయన వీపు చూస్తుంటాయి.

ఇది పొదుపూ కాదు, పిచ్చీ కాదు. వృత్తి. మీటర్ రీడర్ అనేవాడు ఎవరి ఇంట్లోనూ కూర్చోడు. గేటు తీసి, మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళి, అంకెలు చూసి, రాసుకుని, చీటీ చింపి ఇచ్చి వచ్చేస్తాడు. రండి కూర్చోండి అని ఎవరైనా మర్యాదకు అన్నా, పర్లేదండీ అంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మీటరాయన ఎక్కిన గుమ్మాలకు లెక్క లేదు, దాటినవి మాత్రం ఒక్కటీ లేదు. ఏ ఇంటికి మీటరు ఎడమ వైపుంటుందో, ఏ ఇంట్లో పెట్టె మూతకు కందిరీగలు గూడు పెట్టాయో చెప్పగలడు. ఆ ఇళ్ళలో గోడలకు ఏ రంగు వేశారో చెప్పలేడు.

అలాంటి మనిషి ఇల్లెందుకు కొన్నాడని ఆఫీసులో అందరికీ అనుమానమే. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. అద్దె గదిలో ఇరవై ఆరేళ్ళు కదలకుండా ఉన్నాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే మీటరాయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు.

"రీడింగుకు వెళ్ళినప్పుడల్లా తలుపు తాళం వేసి ఉంది."

నవ్వేవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇల్లెందుకంటే మాత్రం ఆయన నవ్వించలేదు. తన పేరు మీద ఒక మీటరు ఉండాలనుకున్నానని చెప్పాడు. ఊరందరి పేర్లూ చీటీల మీద రాసిన చేత్తో తన పేరు ఒక్కసారి కూడా రాసుకోలేదన్నాడు. అది విన్న గుమాస్తా టీకి లేచి వెళ్ళిపోయాడు.

ఇల్లు బాగానే కుదిరింది. తప్పు జరిగింది రిజిస్ట్రేషన్ రోజున. సామాను ఇంకా తీయలేదు, వేరే ఇల్లు చూసుకోగానే తీసేస్తాను, ఒక వారం ఓపిక పట్టండి అని డ్రైవింగ్ స్కూలాయన బతిమాలాడు. బ్రోకరు ఒప్పుకోవద్దని కన్ను గీటాడు. మీటరాయనకు కన్ను గీటడం అర్థం కాదు, కాగితం అర్థమవుతుంది. జేబులోంచి తెల్ల కాగితం తీసి, పెన్ను మూత పళ్ళతో లాగి, తనే రాశాడు. అమ్మిన వారి సామాను వారు తీసుకువెళ్ళే వరకు కొన్నవారు భద్రంగా ఉంచవలెను. కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

తేదీ వేయలేదు. ఏ రోజులోగా తీసుకెళ్ళాలో రాయలేదు. ఇంకెవరైనా అయితే ముందు అదే రాసేవాళ్ళు. ఆయన పని చేసే చోట గడువు అనేది బిల్లు కట్టడానికే గానీ మీటరుకు ఉండదు. ఇంటివాళ్ళు ఖాళీ చేసి ఏ దేశం పోయినా, వాళ్ళు వచ్చి ఇదిగో మీ మీటరు అని అప్పగించే వరకు అది గోడకు ఉంటుంది, నెలనెలా వెళ్ళి చూసి రావడం రీడరు పని. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఆ ఒక్క వాక్యంలో దిగిపోయింది. కాగితం చదివి డ్రైవింగ్ స్కూలాయన మొహం వెలిగిపోయింది. బ్రోకరు తల పట్టుకున్నాడు.

మొదటి ఆదివారం పదింటికి మీటరాయన ఫోన్ చేసి, సామాను సంగతి ఏమండీ అని మర్యాదగా అడిగాడు. వచ్చే వారం అండీ అని ఆయనా మర్యాదగా చెప్పాడు. రెండో ఆదివారం అంతే. మూడో ఆదివారం, వారం వారం ఇదే మాటేమిటండీ అని ఈయన అన్నాడు. కాగితంలో వారం అని ఎక్కడుందో చూపించండి అని ఆయన అన్నాడు. అక్కడ అండీలు రెండూ రాలిపోయాయి. నాలుగో వారానికి నువ్వంటే నువ్వు అనుకున్నారు. ఆ తర్వాత ఈయనకు ఆయన స్కూలు, ఆయనకు ఈయన మీటరు.

కాగితంలో భద్రంగా అని ఉంది కాబట్టి మీటరాయన తన పాత రీడింగు పుస్తకం ఒకటి బయటికి తీశాడు. ఆదివారం ఉదయం ఒక్కో సామాను దగ్గరికీ వెళ్ళి, వంగి చూసి, చదివి, రాస్తాడు. పెద్ద సోఫా, యథాస్థితి. షోకేసు అద్దం, యథాస్థితి. రెండో కుర్చీ, కుడి కాలు కొంచెం వదులు, గత వారం ఉన్నట్టే. రాయడానికి ఒక చెయ్యి, పుస్తకానికి ఒక చెయ్యి కావాలి కాబట్టి ఫోను బల్ల అంచున పెట్టి స్పీకరు వేసేవాడు. అందుకే మెట్ల మీదికి అంతా వినపడేది.

"ఏంటీ, నా సోఫాకు రీడింగు తీస్తున్నావా? ఎన్ని యూనిట్లు కాల్చింది?" అని డ్రైవింగ్ స్కూలాయన మొదటిసారి విన్నప్పుడు అడిగాడు.

"సున్నా. ఎవరూ వాడకపోతే సున్నానే వస్తుంది."

"నీ జీవితంలాగా."

"నీ స్కూలులాగా" అని ఈయన వెంటనే అంటించాడు.

అటు నుంచి పగలబడి నవ్వు. మీటరాయన కూడా నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్విన మొదటిసారి అది. నవ్వాక చుట్టూ చూశాడు, ఎవరన్నా విన్నారేమోనని. ఆరు కుర్చీలూ బల్ల వైపు తిరిగి ఉన్నాయి.

నిజానికి మీటరాయనకు తెలిసిన పలకరింపు తిట్టించుకోవడమే. రోజుకు తొంభై గుమ్మాలు ఎక్కేవాడు. తొంభై చోట్లా ఒకటే మాట, ఇంత బిల్లెలా వచ్చింది, నీ కళ్ళు సరిగ్గా ఉన్నాయా, మేము ఊళ్ళో లేని నెల కూడా ఇంతే రాశావేంటి. ఒకావిడ ఆయన్ని చూడగానే ఫ్యాన్ ఆపేసేది, ఆయన వెళ్ళాక వేసుకునేది. ఒక ముసలాయన ప్రతి నెలా చీటీ తీసుకుని, దొంగ అని చెప్పి, మంచినీళ్ళు ఇచ్చేవాడు. అవన్నీ మాటలే. సాయంత్రానికి తొంభై మందితో మాట్లాడినట్టే ఉండేది. గదికి వచ్చి పడుకుంటే మాట్లాడి మాట్లాడి అలిసినట్టు నిద్ర పట్టేది.

రెండేళ్ళ కిందట కొత్త మీటర్లు వచ్చాయి. అవి ఎవరూ చూడకుండానే తమ అంకెలు తామే ఆఫీసుకు పంపుతాయి. రీడర్లందరినీ లోపల కూర్చోబెట్టారు. మీటరాయనకు స్టోరు గది పక్కన ఒక బల్ల ఇచ్చారు, పాత మీటర్ల నంబర్లు జాబితాలో కొట్టేసే పని. పొద్దున్న పదికి కూర్చుంటే సాయంత్రం ఐదు వరకు ఆయన్ని దొంగ అనేవాళ్ళు లేరు. ఒక రోజు పాత వీధిలోంచి నడిచి వెళ్తూ, మంచినీళ్ళ ముసలాయన గేటు దగ్గర ఆగాడు. ముసలాయన బయటికి వచ్చి, ఎవరు కావాలి బాబూ అని అడిగాడు. చేతిలో పుస్తకం, భుజానికి సంచి లేకపోయేసరికి గుర్తు పట్టలేదు. ఎవరూ అక్కర్లేదండీ అని మీటరాయన నడిచి వచ్చేశాడు.

కాబట్టి సంగతి ఇది. సామాను పోతే ఆయనకు ఇల్లు దక్కుతుంది, ఆదివారం పోతుంది. సామాను ఉంటే ఆదివారం ఉంటుంది, ఇల్లు ఉండదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. తనతో తాను అనుకోవడానికి కూడా చాలా నెలలు పట్టింది.

డ్రైవింగ్ స్కూలాయన నిజంగానే ఇల్లు వెతుకుతున్నాడు, లేదా వెతుకుతున్నానని చెబుతున్నాడు. భార్య కూతురి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మీరూ రండి అని వాళ్ళు పిలుస్తున్నారు. నేనెందుకు వస్తాను, నాకు ఇక్కడ స్కూలుంది, పెద్ద ఇల్లు తీసుకుని మిమ్మల్నే ఇక్కడికి రప్పిస్తాను అని ఆయన బింకం. అప్పటి దాకా స్కూలు వెనక గదిలో పడక. ప్రతి వారం ఒక కొత్త ఇంటి గురించి చెప్పేవాడు. ఫలానా వీధిలో చూశాను మీటరూ, హాలు పెద్దది, నా సోఫా దర్జాగా పడుతుంది అనేవాడు.

"ఆ వీధిలోనా? సాయంత్రమైతే వోల్టేజీ ఉండదు. బల్బు చూస్తే నిద్రొస్తుంది."

ఇంకో వారం ఇంకో వీధి. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు కిటికీ పక్కనే ఉంటుంది, వానాకాలం మెరుపులు ఇంట్లోనే చూడొచ్చు అని ఈయన. మరో వారం మరో ఇల్లు. ఆ ఇంటి ఓనరు ఎలాంటివాడో నాకు తెలుసు, నాలుగు వాటాలకు ఒకటే మీటరు పెట్టి రోజూ తన్నుకు చావమంటాడు అని ఈయన. ఊళ్ళో ప్రతి వీధీ తెలిసిన మనిషికి ప్రతి ఇంటిలోనూ ఒక లోపం చూపించడం కష్టం కాదు. ఒక సోమవారం స్టోరు గది పక్కన కూర్చుని నంబర్లు కొట్టేస్తుండగా మీటరాయన పెన్ను ఆగిపోయింది. సామాను తీసుకుపో అని గొంతు చించుకునేదీ తనే, దానికి చోటు దొరకకుండా అడ్డం పడేదీ తనే. ఈ మోసానికి తనను దొంగ అనాల్సింది ముసలాయన కాదు, డ్రైవింగ్ స్కూలాయన. ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా సగం మిగిల్చాడు.

అయినా తర్వాతి ఆదివారం కూడా ఒక మంచి ఇంటిని పాడు చేశాడు.

ఫోన్లో వెనక నుంచి మొదట్లో హారన్లు వినిపించేవి. గొడవ మధ్యలో డ్రైవింగ్ స్కూలాయన, క్లచ్ తొక్కమ్మా, క్లచ్, అది బ్రేకు అని ఎవరినో కేకలేసి మళ్ళీ సోఫా దగ్గరికి వచ్చేవాడు. రానురాను హారన్లు తగ్గాయి. ఆరో నెల నుంచి ఆయన ఎవరినీ కేకలేయలేదు. మీటరాయన అది గమనించాడు గానీ అడగలేదు. గొడవలో అడగడానికి వీలుండే మాట కాదది.

ఎనిమిదో నెలలో అక్క వచ్చింది.

మీటరాయనకు ఉన్న ఒకే ఒక్క బంధువు ఆమె. మోకాళ్ళ నొప్పులతో గృహప్రవేశానికి రాలేకపోయింది. ఇప్పుడు గురువారం బస్సు దిగి, రెండు అంతస్తులు ఆగి ఆగి ఎక్కి, తలుపు తీయగానే సోఫా చూసి మురిసిపోయింది. వెళ్ళి అందులో కూలబడింది.

"పర్లేదురా, బానే అమర్చుకున్నావు."

"అక్కా, అందులో కూర్చోకు."

"ఏం, తడిగా ఉందా?"

"మనది కాదు."

అంతే, మొత్తం బయటపడింది. అక్క లేచి గదులన్నీ తిరిగింది. డబుల్ కాటు మీద పరుపు లేకుండా పేపర్లు పరిచి ఉండటం చూసింది. సోఫాకూ బల్లకూ మధ్య సందులో మడత మంచం చూసింది. రీడింగు పుస్తకం తిప్పి చూసింది. ముప్ఫై రెండు వారాలు, వారానికి ఒక పేజీ, ప్రతి పేజీ నిండా యథాస్థితి. ఆ తెల్ల కాగితం కూడా అడిగి తీసుకుని రెండు సార్లు చదివింది. తేదీ ఏదిరా అంది. నీకు చిన్నప్పటి నుంచీ నోట్లో నాలుక లేదు, ఎవడు ఏమన్నా పడి ఉంటావు అని, గోడ మీద పెన్సిలుతో రాసి ఉన్న స్కూలాయన నంబరు చూసి తన ఫోన్ తీసింది.

మీటరాయన వద్దక్కా అన్నాడు. నేను మాట్లాడతాను కదా ఆదివారం అన్నాడు. ఆదివారం నువ్వేం మాట్లాడతావో ఈ పుస్తకం చూస్తేనే తెలుస్తోందని ఆమె నంబరు నొక్కి స్పీకరు వేసింది.

అక్క అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, ఆయనకు అరుపులు అలవాటే. ఆమె నెమ్మదిగా, ఒక ఇల్లాలు ఇంకో ఇంటి పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. మా తమ్ముడు పరాయి సామాను మధ్య సందులో మడత మంచం వేసుకుని పడుకుంటున్నాడండీ, మీకు తెలుసా అంది. ఎనిమిది నెలలుగా నిలబడి తింటున్నాడండీ, మీ కుర్చీ మాసిపోతుందని అంది. అటు నుంచి డ్రైవింగ్ స్కూలాయన, మీటరాయన ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"మంచం మీద పడుకోవట్లేదా?"

"లేదండీ."

"నేను వేళాకోళానికి అంటున్నాడనుకున్నానమ్మా. అన్నీ వాడుకుంటూనే అంటున్నాడనుకున్నాను."

ఐదు నిమిషాల్లో వ్యవహారం తెగింది. సామాను తనకు అక్కర్లేదని, పాత సామాన్లు కొనే కుర్రాణ్ణి ఆదివారం పంపిస్తానని, వాడు ఇచ్చింది మీరే ఉంచుకోమని ఆయన చెప్పాడు. అక్క ఫోన్ పెట్టేసి, చూశావా ఇంతే ఉంది సంగతి అన్నట్టు తమ్ముడి వైపు చూసింది. మీటరాయన ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అక్క చేసిందాంట్లో తప్పేమీ లేదు. లోకంలో ఏ అక్క అయినా అదే చేస్తుంది. ఆమెతో ఏం చెప్పాలి, నన్ను వారానికి అరగంట తిట్టే మనిషిని పోగొట్టావని చెప్పాలా? శనివారం బస్సు ఎక్కించేటప్పుడు ఆమె, ఇంక హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోరా అంది. అలాగేనక్కా అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మీటరాయన పుస్తకం తీశాడు. సామాను చుట్టూ తిరిగి అన్నీ చూశాడు. పదింటికి ఫోను బల్ల అంచున పెట్టి నంబరు నొక్కాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"నమస్కారమండీ" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

మీటరాయన తనేం అనాలనుకున్నాడో మర్చిపోయాడు. ఆయనే మాట్లాడుకుపోయాడు. మీరంత ఇబ్బంది పడుతున్నారని తెలియదండీ, క్షమించండి అన్నాడు. పెద్ద ఇల్లు లేదు, ఏమీ లేదండీ, స్కూలు బోర్డు మొన్నే దింపేశాను, రేపు సాయంత్రం రైలుకు అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను, అక్కడ మనవడి గదిలో నాకూ ఒక మంచం వేశారట అన్నాడు. వెనక హారన్లు లేవు. ఎవరో మేకులు పీకుతున్న చప్పుడు వస్తోంది.

అప్పుడు మీటరాయన చెప్పాల్సింది చాలా ఉంది. నువ్వు చూసిన ఇళ్ళన్నీ మంచివే, నేనే చెడగొట్టానని చెప్పాలి. ఇబ్బందేమీ లేదు, నేనూ వేళాకోళమే ఆడానని చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమ్మం బయట నిలబడి మాట్లాడిన మనిషికి, గుమ్మం లోపలి మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? పుస్తకం తెరిచాడు.

"పెద్ద సోఫా, యథాస్థితి" అన్నాడు.

"ఇంక అది రాయక్కర్లేదండీ. మీకు నా పీడ వదిలింది. ఉంటానండీ."

పది దాటి నాలుగు నిమిషాలైంది. ఎదురు వాటాలో మిషను ఆగింది. టైలరమ్మ మెళ్ళో టేపుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎనిమిది నెలల్లో ఆమె ఈయన్ని పలకరించడం అదే మొదలు.

"ఏమన్నయ్యా, ఇవాళ గొడవ లేదా?"

"అయిపోయిందమ్మా."

"సర్దుకుపోయారన్న మాట. పోనీలే, మంచిదే" అని లోపలికి వెళ్ళిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది.

పదకొండు దాటాక పాత సామాన్ల కుర్రాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. చదువు మధ్యలో మానేసి సొంతంగా ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు. భుజాన తాడు, జేబులో స్క్రూడ్రైవరు. చెప్పులు విడవకుండానే హాల్లోకి వచ్చి సామానంతా ఒక్క చూపులో కొలిచేశాడు. మాటకు ముందూ వెనకా ఏమీ లేని రకం.

"బాబాయ్, రెండు ట్రిప్పులు. ఒంటి గంటకల్లా ఇల్లు ఖాళీ. బీరువా ముందు దించుతా, సోఫా ఆఖర్న."

మీటరాయన సరేనన్నాడు. కుర్రాడు సోఫా దగ్గరికి వెళ్ళి చేతుల మీద పిడికిలితో రెండు దెబ్బలు వేశాడు. దుమ్ము లేచింది. అడుగున చెయ్యి పెట్టి తడిమి పెదవి విరిచాడు. ఇందులో ఏమీ లేదు బాబాయ్, పైన గుడ్డ, లోపల గాలి, దీన్ని ఎవడు కొంటాడు, ఊరికే ట్రాలీలో చోటు దండగ అన్నాడు.

"గాలేంటి? ఎనిమిది నెలల్లో ఒక్కరు కూడా కూర్చోలేదు ఇందులో. మొన్న మా అక్క ఒక్క నిమిషం కూర్చుంది అంతే."

"ఎవరూ కూర్చోకపోతే మంచిదని ఎవరన్నారు? మనుషులు కూర్చోని సోఫా తొందరగా పాడవుద్ది."

"నీకెవరు చెప్పారు పాడైందని? స్ప్రింగులు నొక్కి చూడు. చూడకుండా మాట్లాడతావేం?"

"నొక్కాను. కుయ్యి మంది."

"అది స్ప్రింగు కాదు, నీ నోరు."

కుర్రాడు తలెత్తి ఆయన మొహం చూశాడు. తర్వాత గట్టిగా నవ్వి, అమ్మేవాళ్ళు కూడా ఇంత పోట్లాడరు బాబాయ్, ఇది మీది కాదని చెప్పారే ఆయన అన్నాడు. నాది కాకపోతే నిజం నిజం కాకుండా పోతుందా అన్నాడు మీటరాయన. అయితే ఆ షోకేసు సంగతేంటి, అద్దం మీద గీత ఉంది అని వాడు. ఎక్కడుంది గీత, చూపించు, అది నీ కళ్ళలో ఉంది అని ఈయన. రెండో కుర్చీ కాలు వదులు అని వాడు. అది ఎనిమిది నెలలుగా అంతే, ఒక్క వెంట్రుకవాసి కూడా పెరగలేదు, పుస్తకంలో ఉంది చూసుకో అని ఈయన. గొంతు తెలియకుండానే పెరిగింది. ఎదురు వాటాలో మిషను మళ్ళీ ఆగింది.

కుర్రాడు పడకగదిలోకి వెళ్ళి బీరువాకు తాడు చుడుతున్నాడు. వాడి పని చాలా చురుకు. ఒక ముడి వేసి, రెండో ముడి వేసి, మోకాలితో బిగించాడు. ఒంటి గంటకు ఖాళీ అన్నాడు కాబట్టి ఒంటి గంటకు ఖాళీ అయిపోతుంది. మీటరాయన గోడకు ఆనుకుని చూశాడు. బీరువా జరిగిన చోట గచ్చు మీద నలుచదరపు మచ్చ కనిపించింది, మిగతా గచ్చు కంటే కొత్తగా, మెరుస్తూ. ఇల్లంతా అలాంటి మచ్చలతో ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. మడత మంచాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోవచ్చు. పదింటికి ఏం చెయ్యాలో ఒక్కటే తెలియదు.

"అబ్బాయ్, కాస్త ఆగు" అన్నాడు.

కుర్రాడు తాడు పట్టుకునే వెనక్కి తిరిగాడు. ఏం బాబాయ్, మనసు మారిందా, ఉంచుకుంటారా అని అడిగాడు. మీటరాయన లేదని తల అడ్డంగా ఊపాడు. ఉంచుకోవడానికి అవి ఆయనవి కావు. పంపేయాల్సిందే. ముందు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి మాట ఆయన జీవితంలో ఎవరినీ అడిగి ఎరుగడు, అడిగితే ఎలా ఉంటుందో తెలియదు.

"ఇవాళ ఈ బీరువా ఒక్కటే పట్టుకెళ్ళు. మిగతావి వారానికి ఒకటి చొప్పున, ఆదివారం పదింటికి రా. ఊరికే పట్టుకుపోకు. ఇప్పుడు అన్నావే, అలా ఏదో ఒకటి అను. నేనూ అంటాను. ఒక అరగంట."